తలుపు తీసి చేసే ప్రార్థన

ఈ రోజు ఆదివారం. సాయంత్రం ఆరున్నరకు నా మనవరాలి ఫోను వస్తుంది. మా ఎదురింటి సిస్టర్ చనిపోయిందని దానికి ఇంకా తెలియదు. చెప్పవలసింది నేనే. చెప్పే ముందు విషయాలన్నీ ఒక వరుసలో పెట్టుకుందామని మధ్యాహ్నం నుంచి రాయడానికి కూర్చున్నాను. మన నాందేడ్ తెలుగువాళ్ళ పత్రికకు ఆమె గురించి నాలుగు మాటలు రాసివ్వమని కూడా అడిగారు. రెండు పనులూ ఒకే కాగితం మీద అవుతున్నాయి.

గురువారం పొద్దున పాలు పోసే అతను నా గేటు దగ్గర నిలబడి, "బాయీ, సిస్టర్ పలుకుతలేదు. గిన్నె గడప మీద పెట్టింది, కుర్చీల కూసున్నది, పిలిస్తే చూస్తలేదు" అన్నాడు. నేను గల్లీ దాటి వెళ్ళాను. చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది. ఆమె నలుగురి నాడి చూసిన మనిషి. ఆ రోజు ఆమె నాడి చూడడానికి నేను తప్ప ఎవరూ లేరు.

ప్రభుత్వ దవాఖానాలో నర్సుగా చేసి రిటైరైంది కనుక గల్లీ అంతటికీ ఆమె సిస్టరే. పెళ్ళి చేసుకోలేదు. సొంత ఊరు బిలోలి. శుక్రవారం వానలోనే సమాధి అయింది. బిలోలి నుంచి వచ్చిన మేనకోడలు ఇంటికి తాళం వేసి సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయింది. మాది హిందూ కుటుంబం. చర్చిలో ఎప్పుడు నిలబడాలో, ఎప్పుడు కూర్చోవాలో నాకు తెలియక చివరి బల్ల మీద కూర్చుని ముందువాళ్ళను చూసి లేచాను. పాటలన్నీ మరాఠీలో ఉన్నాయి. సిస్టర్ కూడా అక్కడ మరాఠీలోనే పాడేది. ఇంట్లో ప్రార్థన మాత్రం తెలుగులో చేసేది. ఎందుకని ఒకసారి అడిగాను. "ఇంటి సంగతులు ఇంటి మాటల్నే చెప్పాలె బాయీ" అంది.

నన్ను బాయి అనేది బడిలో లెక్కలు చెప్పినందుకు. ఇక్కడ పంతులమ్మలను అలాగే పిలుస్తారు.

నా మనవరాలు నీళ్ళ ఇంజనీరు. యుద్ధం జరుగుతున్న ఒక దేశంలో, ఇళ్ళు వదిలి వచ్చినవాళ్ళ శిబిరాలకు తాగే నీళ్ళు అందించే పనికి స్వచ్ఛందంగా వెళ్ళింది. పుణెలో ఉన్న దాని తల్లిదండ్రులు చాలా రోజులు కోపంగా ఉన్నారు. నేను మాత్రం, చదువుకున్న పని చేయనివ్వండి అన్నాను. అన్న తర్వాత నా భయం ఎవరితోనూ చెప్పుకోవడానికి వీలు లేకపోయింది. పంపమన్నదే నేను కదా.

అది వెళ్ళిన వారం సిస్టర్ మా ఇంటికి వచ్చి, "బాయీ, పిల్ల కోసం ప్రార్థన పెట్టుకుంటున్న. పొద్దున ఏం తింటుంది? ఏ బండిల పోతది? కాళ్ళకు ఏం తొడుగుతది?" అని అడిగింది.

"గివన్నీ నాకేం తెలుసు? క్షేమంగ ఉంచమని అడుగు, చాలు."

"గట్ల అడిగేది గాలిల ఉత్తరం ఇడిసినట్టు. ఫోన్ల మీరిద్దరు ఏం మాట్లాడుకుంటరు మరి?"

నిజానికి మేం ఏమీ మాట్లాడుకునేవాళ్ళం కాదు. "బాగున్నవా?" "బాగున్న ఆజీ." "తిన్నవా?" "తిన్న." అంతే. ఇక్కడి పిల్లల్లాగే అదీ అమ్మమ్మను ఆజీ అంటుంది. సిస్టర్‌కు సమాధానాలు కావాలి కనుక ఆ వారం నుంచి అడగడం మొదలుపెట్టాను. బూట్లలోకి బురద వస్తోందని, క్లోరిన్ వాసన చేతులను వదలడం లేదని, బండి నడిపే పెద్దాయన పాటలు పాడతాడని, రాత్రి మోతలు వినిపిస్తే పక్క మంచం అమ్మాయి తన చెయ్యి పట్టుకుంటుందని తెలిసింది. ఇరవై ఏళ్ళు పైబడిన మనవరాలు నాకు అప్పుడే పరిచయమైనట్టుంది.

లెక్కల మనిషిని కనుక వివరం లేని మాట నాకూ నచ్చదు. కానీ ఒకరోజు ఉండబట్టలేక అడిగాను. "నీ దేవునికి అన్నీ తెలుసంటవు గద. మళ్ళ ఈ బూట్ల సంగతి ఆయనకెందుకు?"

"ఆయనకు తెల్వక కాదు బాయీ. మనకు తెల్వాలె."

ప్రతి ఆదివారం ఫోను కాగానే నేను గల్లీ దాటి ఆమె ఇంటికి వెళ్ళేదాన్ని. ఆమె మొదట చేసే పని వీధి తలుపు బార్లా తీయడం. దూరాన ఉన్నవాళ్ళ కోసం చేసే ప్రార్థన తలుపు తీసే చేయాలని ఆమె పద్ధతి. చర్చిలో వేరే ఎవరూ అలా చేయరని పాస్టరు గారే నాతో అన్నారు. ఆమె వయసులో ఉండగా పక్క జిల్లాలో భూకంపం వస్తే, దవాఖానా నుంచి పేరిచ్చి మరీ వెళ్ళిందట. కూలిన గోడల మధ్య, ఇంకా ఊగుతున్న నేల మీద కట్లు కట్టింది. తిరిగి వచ్చేదాకా బిలోలిలో ఆమె తల్లి ప్రతి సాయంత్రం తలుపు తీసి పెట్టి ప్రార్థన చేసిందట. "తలుపు మూసుకోని, దేవా తీస్కరా అంటే ఎట్ల? వచ్చేటోళ్ళు ఎట్ల వస్తరు?" అనేది సిస్టర్.

వానాకాలంలో ఇది పెద్ద బాధ. "జర తలుపు దగ్గరికెయ్యి సిస్టర్, దోమలన్ని లోపలికే వస్తున్నయి" అంటే, కళ్ళు తెరవకుండానే, "రానియ్. వాటి కోసం కూడ చేస్త, కూసో" అంది.

ఆమె ప్రార్థన నాకు దాదాపు నోటికి వచ్చేసింది. "తండ్రీ, పిల్ల బూట్లు ఆరనియ్. పైపులు పగలకుండ చూడు. బండి నడిపే పెద్దాయన కండ్లు మంచిగుండాలె. రొట్టెల లారీ తెచ్చేటోని పేరు మాకు తెల్వదు, వాని తల్లికి తెలుసు, ఆమె మొర కూడ ఇను. తుపాకి పట్టినోన్ని కూడ ఇంటికి తోలు తండ్రీ."

ఆ చివరి మాటకు నేను ఒప్పుకోలేదు. "వానికెందుకు?" అన్నాను.

"వాడు ఇంటికి పోతేనే గద బాయీ, మన పిల్ల ఇంటికొచ్చేది" అంది.

ఒకసారి మనవరాలు, తనకు భయం లేకుండా చేయమని సిస్టర్‌ను అడగమంది. సిస్టర్ ఒప్పుకోలేదు. "భయం ఉండనియ్. భయమున్నోళ్ళు చూసి నడుస్తరు. భయమైనప్పుడు పక్కన ఒక మనిషిని ఉంచమని అడుగుత." ఆ మాట ఫోనులో చెబితే పిల్ల దాన్ని మళ్ళీ ఒకసారి చెప్పించుకుంది. తర్వాత, "సిస్టర్‌కు సరే అని చెప్పు ఆజీ" అంది.

ఆ "సరే" నా నుంచే దానికి వచ్చింది. ప్రార్థన చివర సిస్టర్ ఆగి నా కోసం చూసేది. ఆమేన్ అనడం నాకు అలవాటు లేదు. ఏమీ అనకుండా లేచి రావడం మర్యాద కాదు. మొదటి ఆదివారం ఏం చేయాలో తోచక, బడిలో పిల్లల లెక్క చూసి అన్నట్టు, "సరే" అన్నాను. ఆమె నవ్వి, "చాలు, గంతే గావాలె" అంది. నన్ను చర్చికి రమ్మని ఆమె ఎప్పుడూ పిలవలేదు. ప్రార్థన మధ్యలో నా దీపం వేళ అయితే, "పో బాయీ, నీ దీపం పెట్టుకొని రా, నేను ఆపుత" అనేది. నిజంగానే ఆపేది.

పోయిన ఆదివారం పిల్ల ఒక కొత్త సంగతి చెప్పింది. నది అవతల ఒక ఊళ్ళో బాంబులకు నీళ్ళ లైను తెగింది. రేపు, అంటే ఈ సోమవారం, దాన్ని బాగుచేయడానికి వెళ్తున్నారు. అటువైపు ఇంతవరకు వీళ్ళలో ఎవరూ వెళ్ళలేదు. నేను సిస్టర్‌కు చెప్పి, దాని కోసం ఇవాళే అడుగు అన్నాను.

"వచ్చే ఆదివారం చేద్దాం. ముందే చేసి జాడీల పెట్టుకుంటానికి ఇదేమన్న మామిడికాయ తొక్కా? దారి సంగతి పూర్తిగా తెలుసుకోని రా" అంది.

ఆ ఆదివారం ఇదే. దారి సంగతి ఇంకో గంటలో తెలుస్తుంది. చెప్పడానికి ఎదురింట్లో మనిషి లేదు. మూడు రోజుల నుంచి నేను ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. మాట్లాడవలసినవన్నీ ఆ గల్లీకి అవతల చెప్పేవే. పుణెకు ఫోను చేస్తే, "పిల్లకు ఇప్పుడే చెప్పకమ్మా, పనిమీద పోయేటప్పుడు మనసు చెదురుతది" అంది నా కూతురు. అది తల్లిగా అన్న మాట. కానీ పిల్ల ఫోను పెట్టే ముందు ప్రతిసారీ, "సిస్టర్ చేస్తున్నరు గద ఆజీ?" అని అడుగుతుంది. చేస్తోందని నేను అబద్ధం చెప్పలేను. చేయడం లేదని చెప్పి ఊరుకోనూ లేను.

కనుక ఇక జరగవలసినవి:

1. ఫోను రాగానే ముందు సిస్టర్ సంగతి చెప్పాలి. ఏడిస్తే ఏడవనివ్వాలి. మధ్యలో నేను ధైర్యాలు చెప్పకూడదు.

2. తర్వాత రేపటి దారి అడగాలి. వంతెన ఉందా, పడవా? బండి నడిపేది ఆ పెద్దాయనేనా? పక్కన ఎవరుంటారు? బూట్లు ఆరాయా?

3. నా వీధి తలుపు బార్లా తీయాలి. దోమలు వస్తే రానివ్వాలి.

4. ప్రార్థన నేను చెప్పాలి. ఇది ఆమె ప్రార్థన కనుక ఆమె పిలిచినట్టే, తండ్రీ అని మొదలుపెట్టాలి. తుపాకి పట్టినవాణ్ణి వదిలేయకూడదు.

5. అయ్యేదాకా పిల్లను ఫోను పెట్టవద్దనాలి. చివర సరే అనడానికి ఇక్కడ ఎవరూ లేరు. అది అక్కడి నుంచి అనాలి.

6. ఫోను అయ్యాక కూడా తలుపు వెంటనే మూయకూడదు. మా ముందు గది వెలుతురు గల్లీ దాటి ఎదురింటి గడప మీద పడుతుంది. ఆ తలుపుకు కొత్త తాళం ఉంది. దాని కింద, ఎవరూ తీయని పాలగిన్నెలో వాన నీళ్ళు నిండి ఉన్నాయి.