మూడో టికెట్

పెత్రమాస పొద్దున ఏడింటికి వికారాబాద్ స్టేషన్‌లో మా మేనత్త బాలమ్మతో రైలెక్కాను. ఆమె ఒళ్లో స్టీలు డబ్బా, అందులో జొన్నరొట్టెలు, పుంటికూర. పోయినవాళ్ల ఫోటో ముందు వాళ్లకిష్టమైనది పెట్టాకే ఆ రోజు మా ఇళ్లలో ఎవరైనా ముద్ద ముట్టేది. అత్త తమ్ముడు, అంటే మా నర్సింలు చిన్నాయనకు ఫోటో లేదు. అరవైతొమ్మిది తెలంగాణ ఉద్యమంలో ఇదే దారిన పట్నం వెళ్లి, ఆబిడ్స్‌లో ఊరేగింపులో కలిశాడట. కాల్పుల్లో పోయాడన్నారు. శవం కూడా ఇంటికి రాలేదు. అందుకే ఏటా గన్‌పార్కులో అమరవీరుల స్తూపం ముందు అత్త విస్తరి పెడుతుంది.

తొమ్మిది దాటాక నాంపల్లిలో దిగాం. టీ తాగమంటే, "వాడు తిన్నంకనే" అంది. ఆటోలో గన్‌పార్కు చేరాం. గేటుకు తాళం! లోపల మరమ్మతులట. వెళ్లాలనుకునేవాళ్లు ముందే కనుక్కుని బయల్దేరండి, మాలా తిప్పలు పడకండి.

"జర విస్తరి పెట్టి వస్త బిడ్డా" అని అత్త బతిమాలింది.

"నా నౌకరి పోతదమ్మా" అన్నాడు కాపలా మనిషి.

నాకు ఒళ్లు మండింది. గొడవకు దిగబోతే అత్తే చెయ్యి పట్టి ఆపింది. పోనీ గేటు బయట పెట్టమన్నాను.

"ఇంటోన్ని బయట కూసోబెట్టి పెడ్తనా?" అంది.

ఆబిడ్స్ తీసుకెళ్లమంది. చౌరస్తాలో బండ్లు, చెప్పుల దుకాణాలు, తోసుకునే జనం. ఒక మనిషి ఇక్కడ పోయాడన్న గుర్తు ఎక్కడా లేదు. ఓ దుకాణం మెట్టు దగ్గర వంగబోతే, "గిరాకీ టైమమ్మా, పక్కకు జరుగు" అన్నారు లోపలినుంచి. మధ్యాహ్నం రెండయింది. అత్తకు షుగరుంది, పెదవులు ఎండిపోయాయి. నాకు భయమేసింది, ఆ ఊరంటేనే అసహ్యమేసింది.

తిరిగి నాంపల్లి స్టేషన్‌కు వచ్చాం.

"మూడు టికెట్లు తియ్యి అల్లుడా."

"ఇద్దరమే కదత్తా?"

"మూడు తియ్యమన్న."

ఆకలికి మతి తప్పిందేమో అనుకున్నాను. వాదించే ఓపిక లేక మూడూ తీశాను.

రైల్లో కిటికీ పక్క సీటు వదిలి కూర్చుంది. దానిమీద విస్తరి పరిచి రొట్టె, కూర వడ్డించింది. లింగంపల్లిలో ఎక్కిన ఒకాయన వచ్చి, "గీడ ఎవలన్న ఉన్నరా అమ్మా?" అని అడిగాడు.

"ఔ. మా తమ్ముడున్నడు. ఇంటికి తోల్కపోతున్న."

ఆయన విస్తరి వంక చూశాడు, నా వంక చూశాడు. వెళ్లి తలుపు దగ్గర నిలబడ్డాడు.

శంకర్‌పల్లి దాటాక అత్త తనూ ఓ రొట్టె తుంచుకుంది. "ఇగ పట్నం వచ్చేది లేదల్లుడా. వచ్చే పెత్రమాసకు ఇంట్లనే పెడ్త" అంది నములుతూ.

వికారాబాద్‌లో ముందు నేను దిగాను. అత్త వెనక్కి తిరిగి, ఆ ఖాళీ సీటుతో "దిగు నర్సింలూ, మనూరొచ్చింది" అంది. నాకు ఏడుపు ఆగలేదు.