గోరంత షెడ్డు

1997లో మా ఆఫీసు విజయనగరం రైల్వే స్టేషనుకు దగ్గరలో ఉండేది. షెడ్లకు, గోదాములకు ఇనుప కప్పులు తయారుచేసే చిన్న కంపెనీ. కింద యార్డు, మేడ మీద డ్రాయింగ్ సెక్షన్. సెక్షన్ బాధ్యత నాది. ఆ వానాకాలంలో మా యజమాని ఒక కంప్యూటరు కొని, అందులో క్యాడ్ వేయించారు. బోర్డు మీద పెన్సిలుతో గీసే డ్రాయింగును తెర మీద గీసుకోవడానికి పనికొచ్చే సాఫ్ట్‌వేరే క్యాడ్. నన్ను విశాఖపట్నం పంపి నేర్పించారు. నేను తిరిగొచ్చాక అందర్నీ కూర్చోబెట్టి ఒక మాట చెప్పారు.

"దసరా ఎల్లాక వచ్చే సిరిమాను పండగ అయ్యాక బోర్డులన్నీ గోదాములో పడేస్తాను. ఈలోగా క్యాడ్‌లో ఒక్క డ్రాయింగయినా పూర్తిగా సేసినోళ్లు మేడ మీద ఉంటారు. మిగతావోళ్లు యార్డులో లోడింగు సూసుకోవాల."

ఆ మాట ఎక్కువగా తగిలింది మా పెద్ద డ్రాఫ్ట్స్‌మన్ అప్పలస్వామి గారికి. ఆయన్ని నేను బాబాయ్ అని పిలిచేదాన్ని. ట్రేసింగ్ పేపరు మీద ఆయన ఇంకు గీత మొదలు నుంచి చివరి దాకా ఒకే మందంలో ఉండేది. తప్పు పడితే సగం బ్లేడుతో గీకి, గోటితో నున్నగా రుద్ది, మళ్లీ గీసేవారు. తప్పు పడిన చోటు మాకు కనిపించేది కాదు.

"యార్డు పని తప్పని కాదమ్మీ. గీత గియ్యకపోతే ఈ సెయ్యి నాది కాదనిపిస్తాది" అన్నారు నాతో.

మర్నాటి నుంచి ఆయన చేతికి మౌసు ఇచ్చి పాఠం మొదలుపెట్టాను.

"ఏటమ్మీ ఇది, ఇక్కడ కదిపితే అక్కడ పడతాది గీత?"

"తెర చూడు బాబాయ్. చేతిని చూడకు."

"ఇన్నేళ్లూ సెయ్యిని సూసి గీసినోడిని. ఇప్పుడు ఎలకని పట్టుకుని గోడకేసి సూడమంతన్నావు."

విసుక్కుంటూనే నేర్చుకున్నారు. ఆమదాలవలస దగ్గర ఒక రైస్ మిల్లుకు మేం కట్టబోయే షెడ్డును ఒక్కరే మొత్తం గీశారు. తెర మీద చూస్తే నాకు పొరపాటేమీ కనిపించలేదు. పెద్ద కాగితం మీద గీసే ప్లాటర్ అనే యంత్రం మా దగ్గర లేదు కాబట్టి, డ్రాయింగు ఎక్కించిన ఫ్లాపీ పట్టుకుని నేను రైల్లో విశాఖపట్నం వెళ్లాను. ప్లాటర్ నడిపే అతను షీటు తీసి ఇటూ అటూ తిప్పాడు.

"మేడం, ఇందులో షెడ్డు ఎక్కడ?"

కాగితమంతా ఖాళీ. మూలన గోరంత మచ్చ. అదే షెడ్డు.

జరిగింది రైల్లో వస్తుంటే అర్థమైంది. బోర్డు మీద షెడ్డును యాభయ్యో వంతుకు కుదించి గీస్తాం. ఆ భాగహారం బాబాయ్‌కి శ్వాస లాంటిది. క్యాడ్‌లో మాత్రం అసలు కొలతతోనే గీయాలి. కుదించే పని ప్లాటర్‌లో వేసేటప్పుడు జరుగుతుంది. ఆయన అలవాటు ఒకసారి, యంత్రం ఒకసారి కుదించేశాయి. ఎంత చిన్న బొమ్మనైనా తెర నిండా చూపిస్తుంది కాబట్టి నాకు ముందే తెలియలేదు.

ఆఫీసులో షీటు చూసి, బాబాయ్ పక్క సీటు రమణ ఊరుకోలేదు. "గోరంతని కొండంత సేసినోళ్లని సూసాను గానీ, కొండంత షెడ్డుని గోరంత సేసినోడివి నువ్వే మావా."

బాబాయ్ నవ్వలేదు. క్యాడ్‌లో అసలు కొలతే వేయాలని నేను చెప్పగానే, కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నారు. "నేను యార్డుకి ఎల్లిపోతానని ఓనరు గారికి సెప్పేయమ్మీ. అరవై అడుగుల షెడ్డుని అరవై అడుగులూ గీస్తే ఆ బుల్లి పెట్టెలో ఎలా పడతాది? నా బుర్రకి ఎక్కదు."

ఆయన్ని వరండాలోకి తీసుకెళ్లాను. కింద యార్డులో, సిమెంటు గచ్చు మీద, మావాళ్లు ఒక ట్రస్సును సుద్దముక్కతో గీస్తున్నారు. ట్రస్సంటే కప్పును మోసే ఇనుప చట్రం. ముక్కలు కోసే ముందు దాన్ని నేల మీద అసలు సైజులో గీసి సరిచూసుకోవడం మా పద్ధతి.

"బాబాయ్, ఆ గీసింది ఎంత సైజు?"

"ఫుల్ సైజు. అది అడగాలేటి?"

"మరి ఇక్కణ్నుంచి నీకు మొత్తం కనిపిస్తోంది కదా?"

రెయిలింగు పట్టుకుని కిందకి చూశారు. తర్వాత ఒక చెయ్యి చాచి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఆ ట్రస్సును పట్టుకున్నట్టు పెట్టారు.

"ఓసోస్. ముగ్గు ఏసింది గచ్చు మీద. మనం మేడెక్కి సూస్తన్నాం. అంతేనా?"

"అంతే. దాన్నే జూమ్ అంటారు."

గీసినదాన్నే ఒక్క కమాండ్‌తో యాభై రెట్లు పెంచేస్తానన్నాను. ఆయన ఒప్పుకోలేదు. భాగించేటప్పుడు చిన్న అంకెల్ని దగ్గరి అంకెకు సర్ది వేశారట. పెంచితే ఎనిమిది మిల్లీమీటర్ల ప్లేటు పదయిపోతుందట. మొదటి గీత నుంచి మళ్లీ గీశారు.

ఆయుధపూజ నాటికి రెండో షీటు వచ్చింది. బోర్డులకు చివరిసారి, మౌసుకు మొదటిసారి బొట్లు పెట్టి ఉన్నాయి. యజమాని షీటు పరచగానే, కుదించిన గీతల్లో అసలు కొలత చూపించే తన మూడంచుల స్కేలును బాబాయ్ తీసి దాని మీద ఆనించారు. ఒక్కో కొలతా చూసి తలెత్తారు.

"అచ్చుగుద్దినట్టు సరిపోనాది" అన్నారు.

"అయితే నువ్వు ఎక్కడికీ ఎల్లక్కర్లేదు" అన్నారు యజమాని.

తర్వాత క్యాడ్‌కు రంగులొచ్చాయి, త్రీడీ వచ్చింది. ఇప్పుడు షెడ్డును ఫోనులో గిర్రున తిప్పి చూపిస్తున్నారు. మారిన ప్రతిసారీ ఎవరో ఒకరికి నేర్పాల్సి వచ్చింది. అప్పుడల్లా "ఇది ఇలా చెయ్యండి" అనే ముందు, "ఇప్పటిదాకా ఎలా చేసేవారు?" అని అడిగేదాన్ని. రానితనంలా కనిపించేది చాలాసార్లు బాగా వచ్చిన పాత పనేనని ఆ గోరంత షెడ్డు నాకు నేర్పింది.

రిటైరయ్యే దాకా బాబాయ్ ఆ స్కేలును కంప్యూటరు మీదే ఉంచారు. ఇంకా ఎందుకని రమణ ఒకసారి అడిగాడు.

"పెట్టె పెద్ద మేడెక్కి సూస్తాదిరా. కిందకి దిగి కొలిసేవోడు ఒకడుండాల."