పగటి నిద్రకి బేరం

మా అపార్టుమెంటులో ఇరవై ఫ్లాట్లున్నాయి. అందరికంటే తక్కువ ధరకి కొన్నది నేనే. చెప్పిన ధర మీద రెండు లక్షల ఇరవై వేలు తెగ్గొట్టాను. అదీ ఒక్క పూటలో, అమ్మేవారి ఇంట్లో కూర్చుని, వారిచ్చిన కాఫీ తాగుతూ. ఆ తర్వాత వరసగా మూడు పెళ్ళిళ్ళలో, పంక్తిలో నా పక్కన ఎవరు కూర్చుంటే వాళ్ళకి ఈ కథ చెప్పాను. పప్పు వడ్డించేటప్పుడు మొదలుపెడితే పెరుగన్నం వేళకి రిజిస్ట్రేషన్ అయిపోయేది.

రాజమండ్రిలో బట్టల కొట్టు గల్లాపెట్టె పక్కన పెరిగినవాణ్ణి. మా నాన్నగారు నేర్పిన చదువు రెండే ముక్కలు. ఎదుటివాడి సరుకులో లోపం చూపించు. నీ అవసరం మాత్రం చూపించకు. "అవసరం నీ కళ్ళల్లో కనపడిందంటే గజానికి పది రూపాయలు పెరిగినట్టేరా" అనేవారు. ఇప్పుడు నాది స్టీలు సామాన్ల కొట్టు. గజాలు పోయి కిలోలు వచ్చాయి గాని చదువు అదే.

మా ఆవిడ నర్సు. పదకొండేళ్ళుగా ఒక ప్రైవేటు ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ. ఐసీయూలో రాత్రిళ్ళు ఆవిడదే పెత్తనం, దానికి జీతం మీద నెలకి నాలుగువేల అయిదు వందలు వేరే. పొద్దున్న ఎనిమిదిన్నరకి ఇంటికొచ్చి, వంట ముగించి, పదింటికి పడుకుంటే సాయంత్రం అయిదింటికి లేవాలి. ఇల్లు కొందామనుకున్నప్పుడు ఆవిడ పెట్టిన షరతు ఒక్కటే.

"నాకు వాస్తొద్దు, బాల్కనీ వద్దు. పగలు పడుకోడానికి ఓ గది చూడండి చాలు."

అమ్మేవారు రిటైరైన మాస్టారు. ఫోన్ చేస్తే "పదకొండు దాటాక రండి. పన్నెండున్నరలోపు వచ్చెయ్యాలండి" అన్నారు. పెద్దాయన, భోజనం వేళ అనుకున్నాను. వెళ్ళేసరికి రెండో అంతస్తులో ఆ ఇల్లు చల్లగా, ప్రశాంతంగా ఉంది. చీమ చిటుక్కుమంటే వినపడేలా ఉంది. రెండు పడగ్గదులు ఉన్నాయి. మంచం మాత్రం హాల్లో, టీవీకీ చెప్పుల స్టాండుకీ మధ్య ఉంది.

"మాస్టారూ, మంచం ఇక్కడుందేంటండీ?"

"గాలండి. హాల్లో గాలి బాగా వస్తుంది."

"అంటే పడగ్గదిలో గాలి రాదన్నమాట" అని అక్కడికక్కడే పదిహేను వేలు తగ్గించాను.

అంతలో గోదావరి వంతెన మీద రైలు వెళ్ళింది. ఆ చప్పుడు ఎక్కడో దూరంగా, ఎవరో పక్కింట్లో పప్పు రుబ్బుతున్నట్టు వినిపించింది. నాకది చాలు. "ఇంత చప్పుడండీ మాస్టారూ! రోజుకెన్ని రైళ్ళు! ఈ గోలలో ఎవరు కాపురం ఉంటారండీ?" అని అరగంట సేపు ఆ రైళ్ళనే లాగాను. మాస్టారు నా మొహంలోకి వింతగా చూశారు. తర్వాత ఒకసారి పైకి చూశారు. తర్వాత గడియారం చూశారు. పన్నెండూ పది.

"సరేనండి. మీరన్నంతకే కానివ్వండి."

అమ్మేవాడు అంత తొందరగా దిగాడంటే బట్ట తాను విప్పి చివరిదాకా చూడాలి, లోపలెక్కడో చిరుగుంటుంది. ఈ సంగతి కొట్లో పెరిగిన ఏ పిల్లాడికైనా తెలుసు. నేను మాత్రం అది నా నోటి బలం అనుకున్నాను. సాయంత్రం మా ఆవిడ "పైన ఎవరుంటారో కనుక్కున్నారా?" అని అడిగితే, "ఎంత తగ్గించానో అడగవేంటి?" అన్నాను.

గృహప్రవేశం ఆదివారం. ఆ సందడిలో మా చప్పుడే మాకు చాలింది. సోమవారం మధ్యాహ్నం కొట్టు కట్టేసి భోజనానికి వచ్చాను. పన్నెండూ నలభైకి మా పడగ్గది మీద ఏదో దొర్లింది. స్టీలు గ్లాసు. నా వ్యాపారం కాబట్టి చప్పుడుని బట్టి గుర్తుపట్టాను, మంచి గేజిదే, మందపాటి రేకు. తర్వాత మంచం మీంచి ఎవరో దూకారు, ధబ్బుమని. మళ్ళీ మంచం ఎక్కారు, మళ్ళీ దూకారు. పైన ఇద్దరు పిల్లలు. నాలుగేళ్ళ పిల్లాడు పన్నెండున్నరకి ప్లేస్కూల్ నుంచి వచ్చేస్తాడు. ఎనిమిదేళ్ళ అక్క మూడున్నరకి వస్తుంది. అక్క వచ్చాక తమ్ముడికి పని దొరుకుతుంది.

మా ఆవిడ లేచి కూర్చుంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "ఇవాళ కొత్త కదా, అలవాటవుతుంది లెండి" అంది. ఏ కొట్టువాడూ అంత మర్యాదగా నా లోపాన్ని దాచిపెట్టడు.

అలవాటు కాలేదు. చెవుల్లో దూది పెట్టుకుంది. ఆ చప్పుడు చెవుల్లోంచి వచ్చేది కాదు, మంచంకోళ్ళలోంచి వచ్చేది. ఫ్యాను పెద్దది పెట్టాం. చివరికి ఫాల్స్ సీలింగ్ వేయించాను. పనివాడు "సౌండు సగానికి సగం తగ్గుద్దండి, నాది పూచీ" అన్నాడు. అతని దగ్గరా ఏడువేలు తగ్గించి అరవై ఎనిమిది వేలకి ఖాయం చేశాను. శబ్దం ఏమీ తగ్గలేదు. పైన పిల్లాడు దూకినప్పుడల్లా సీలింగ్‌లో లైట్లు వణికేవి, అంతే తేడా.

రెండో నెలలో మా ఆవిడ మంచాన్ని హాల్లోకి లాగమంది. ఇద్దరం లాగాం. టీవీకీ చెప్పుల స్టాండుకీ మధ్య తప్ప ఎక్కడా పట్టలేదు. అక్కడ టైల్స్ మీద నాలుగు గుండ్రటి మరకలున్నాయి, మాస్టారి మంచంకోళ్ళవి. మా మంచం కోళ్ళు సరిగ్గా వాటి మీద కూర్చున్నాయి. మా ఆవిడ ఆ మరకల్ని చూసింది. నన్ను చూసింది. దుప్పటి తెచ్చుకుని పడుకుంది. హాలు మీద పిల్లలు కాస్త తక్కువగానే గెంతేవారు. కాని కాలింగ్ బెల్లు, కూరగాయల బండి, మెట్ల మీద జనం, అందరూ హాలుకి చుట్టాలే.

ఇక పైకి వెళ్ళక తప్పలేదు. పిల్లల తండ్రిది భీమవరం వైపు రొయ్యల చెరువుల మీద పని, ఆదివారాలే వస్తాడు. తల్లి తలుపు తీసింది. మంచి మనిషి, మొహం చూస్తేనే తెలుస్తుంది. అలసిపోయిన మనిషి కూడా. అప్పుడు నేను చెయ్యవలసింది ఒక్క మాట చెప్పడం. అమ్మా, మా ఆవిడది నైట్ డ్యూటీ, పగలు పడుకోవాలి, అని. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది. అవసరం చూపిస్తే ధర పెరుగుతుంది కదా! మింగేశాను.

"నాకేం ఇబ్బంది లేదమ్మా. ఊరికే చెబుతున్నాను. పైన గెంతుతుంటే మా ఫ్యాను ఊగుతోంది."

"అయ్యో, అలాగా అన్నయ్యగారూ? ఎలక్ట్రీషియన్ నెంబరివ్వమంటారా?"

"వద్దులేమ్మా."

"పిల్లలండీ. కట్టేసి ఉంచలేం కదండీ" అని నవ్వి, ఓ ప్లేటులో కాజాలు పెట్టింది. తిని వచ్చేశాను.

ఆమెతో కుదరలేదు గనక పిల్లలతో మాట్లాడుకుందామనుకున్నాను. తల్లి డాబా మీద బట్టలు ఆరేస్తున్నప్పుడు మెట్ల దగ్గర అక్కని పట్టుకున్నాను.

"రోజూ అయిదింటి దాకా చప్పుడు చెయ్యకుండా ఉంటే పూతరేకు ఇస్తాను."

ఆ పిల్ల స్కూల్ బ్యాగు భుజం మార్చుకుంది. "ఒకటా?"

"ఒకటి."

"ఇద్దరం ఉన్నాం కదంకుల్!"

"సగం సగం."

"పూతరేకు విరిస్తే పొడైపోద్దంకుల్. రెండివ్వండి. బెల్లంవి కాదు, జీడిపప్పుయి."

నాకు ముచ్చటేసింది. ఎదుటివాడి సరుకులో లోపం చూపించింది. తన అవసరం చూపించలేదు. మా నాన్నగారి కొట్లో పెరగాల్సిన పిల్ల. రోజుకి రెండు, జీడిపప్పువి, అన్న ఒప్పందానికి దిగాను. ఆత్రేయపురం నుంచి వచ్చే మా కొట్టు ఖాతాదారు చేత పెట్టెలు తెప్పించాను, హోల్‌సేల్ ధరకి.

నాలుగు రోజులు ప్రశాంతంగా గడిచాయి. మా ఆవిడ నాలుగు రోజులూ అయిదింటిదాకా పడుకుంది. నిద్ర లేచిన మొహం చూసి చాలాకాలం అయిందని అప్పుడు గుర్తొచ్చింది. అయిదో రోజు పన్నెండూ నలభైకి మళ్ళీ ధబ్బు. సాయంత్రం అక్కని అడిగితే, "తమ్ముడు మూడు కావాలంటున్నాడంకుల్. నేను చెప్పాను, వినట్లేదు" అంది. మూడు చేశాను. మరుసటి వారం నాలుగో అంతస్తు పిల్లలిద్దరు కూడా పైన గెంతడం మొదలుపెట్టారు. విచారిస్తే, మేం కూడా ఊరుకుంటాం, మాకూ పెట్టమని. జీవితమంతా లేని గిరాకీ పుట్టించి సరుకు అమ్మినవాణ్ణి. నిశ్శబ్దానికి ధర కడితే చప్పుడు సరుకైపోతుందని తెలుసుకోలేకపోయాను. రోజుకి ఎనిమిది పూతరేకుల దగ్గర చేతులెత్తేశాను. ఆ రోజు వాళ్ళు గెంతిన గెంతులకి సీలింగ్‌లో ఒక లైటు ఆరిపోయింది.

ఆ తర్వాత ఓ పొద్దున్న మా ఆవిడ డ్యూటీ నుంచి వచ్చి, చెప్పులు విడవకుండా కుర్చీలో కూర్చుంది.

"రాత్రి ఒకాయనకి ఇవ్వాల్సిన ఇంజక్షన్ పక్కాయనకి ఇవ్వబోయానండి."

నేను చేతిలో పేపరు పక్కన పెట్టాను.

"ఏమీ అవలేదు. పక్కనున్న అమ్మాయి చూసి ఆపింది. సిస్టర్, ఆ బెడ్డు కాదండి, అంది. పదకొండేళ్ళలో నాకెవరూ చెప్పాల్సి రాలేదు." చేతి వాచీ విప్పుతూ, "పగలు డ్యూటీ వెయ్యమని లెటర్ ఇచ్చేసి వచ్చాను" అంది.

"పెత్తనం పోతుంది కదా?"

"పోతుంది." లేచింది. "నెలాఖరు దాకా ఇంకా పన్నెండు నైట్లున్నాయి. ఆ పన్నెండు రోజులూ పడుకోవాలి నేను."

వంటింట్లోకి వెళ్తుందనుకున్నాను. తలుపు తీసి మెట్లెక్కింది. నేను వెనకాల పరిగెత్తాను, బేరం పాడు చేస్తుందేమోనని. నిజంగా అదే భయం.

ఆదివారం కాబట్టి పిల్లలిద్దరూ గుమ్మంలోనే ఉన్నారు. తల్లి వచ్చింది. మా ఆవిడ ఇంకా ఆసుపత్రి యూనిఫాంలోనే ఉంది.

"అమ్మా, నాది రాత్రి డ్యూటీ. పగలే పడుకోవాలి. నిద్ర చాలట్లేదు. రాత్రి పొరపాటు చెయ్యబోయాను."

అంతే. బేరం లేదు, ఫ్యాను లేదు. ఆ తల్లి నోటి మీద చెయ్యేసుకుంది.

"వదినగారూ, మీరు పగలు పడుకుంటారా! అన్నయ్యగారు ఫ్యాను ఊగుతుందన్నారండీ. మీరు ఏ బ్యాంకులోనో చేస్తున్నారనుకున్నాను. ఒక్క మాట చెబితే పిల్లల మంచం ఎప్పుడో ముందు గదిలోకి మార్చేసేదాన్ని కదండీ!"

అక్క నా వైపు చూసింది. "మరి పూతరేకులు ఎందుకిచ్చారంకుల్?"

నేను చెప్పుల వైపు చూసుకున్నాను.

ఆ మధ్యాహ్నమే పైన మంచం లాగిన చప్పుడు గరగరమంటూ ఒక్కసారి వినిపించింది. ఆ తర్వాత పడగ్గది మీద చప్పుడు లేదు. పూర్తిగా లేదని కాదు. గ్లాసు దొర్లుతుంది, వెంటనే అక్క గొంతు "ఒరేయ్, కింద సిస్టరాంటీ పడుకున్నారు" అని వినిపిస్తుంది. ఆ గొంతే ఒక్కోసారి గ్లాసు కంటే పెద్దది. మంచాన్ని మళ్ళీ లోపలికి లాగాం. పన్నెండు రోజులూ మా ఆవిడ పడుకుంది. నెలాఖరున పగటి డ్యూటీకి మారింది.

ఇప్పుడు తొమ్మిది నెలలైంది. పన్నెండున్నర నుంచి అయిదింటిదాకా పైన పిల్లలు ఇంకా మెల్లగానే తిరుగుతారు. ఎవరూ వద్దని చెప్పలేదు వాళ్ళకి, నేనూ చెప్పలేదు. భోజనానికి వచ్చి ఆ గదిలో ఒక్కణ్ణే కూర్చుంటాను. ఊళ్ళో ఇంత ప్రశాంతమైన గది లేదు. అందులో పడుకోవాల్సిన మనిషి ఆ వేళకి ఆసుపత్రిలో నిలబడి, తను పని నేర్పిన అమ్మాయి కింద పని చేస్తోంది. ఆ రాత్రి ఆపిన అమ్మాయే, తర్వాత పగటి పెత్తనానికి మారింది. "మంచి పిల్ల, నాకంటే జాగ్రత్త" అంటుంది మా ఆవిడ, చీర మడతపెడుతూ.

మొన్నొక పెళ్ళిలో పక్కాయన "మీ ఫ్లాట్ ఎంతకొచ్చిందండీ?" అని అడిగాడు. పప్పు వడ్డిస్తున్నారు. నోరు తెరిచి మళ్ళీ మూసుకుని, తినడం మొదలుపెట్టాను. తింటూ లెక్క వేసుకున్నాను.

తగ్గించింది రెండు లక్షల ఇరవై వేలు. అందులోంచి సీలింగ్‌కి అరవై ఎనిమిది వేలు పోయాయి. పూతరేకులకి నాలుగువేల రెండు వందలు, హోల్‌సేల్‌లోనే. రాత్రి డ్యూటీ పెత్తనానికి వచ్చే నాలుగువేల అయిదు వందలు తొమ్మిది నెలలకి నలభై వేల అయిదు వందలు. ఇంకా లక్షా ఏడువేల మూడు వందలు నా వైపు మిగులుంది. అది రెండేళ్ళు కూడా రాదు. మా ఆవిడకి ఇంకా పన్నెండేళ్ళ సర్వీసుంది. ఇక హాల్లో ఆ మంచం చూసి నేను తగ్గించిన పదిహేను వేలు. ఆ మంచం అక్కడెందుకుందో నాకా రోజు తెలియక కాదు, ఇంకా గుచ్చి అడిగితే ఇల్లు వదులుకోవాల్సి వస్తుందని ఊరుకున్నాను. ఆ పదిహేను వేలు లాభంలో వేసుకోవడానికి చెయ్యి రావడం లేదు.

పెరుగన్నం వచ్చేసరికి లెక్క తేలింది. ఇల్లు పూర్తి ధర పెట్టే కొన్నాను. దానిపైన మా ఆవిడ పదకొండేళ్ళ రాత్రులు కొసరుగా ఇచ్చాను.