తీగ సాగే పెరుగు

పెరుగు కొట్టాయన పొద్దున్నే దేవుణ్ణి తలచుకుని మొదటి కుండ మూత తీస్తాడు. గరిటె ముంచి మెల్లగా పైకెత్తితే పెరుగు సన్నని తీగలా సాగుతూ వస్తుంది, చుక్క నీరు విడవదు. "అంతా మా వదిన తోడు చలవండీ" అని అడగనివాళ్లకు కూడా చెబుతాడు. చెబుతూ, పొడిగా ఉన్న చేతులనే తువ్వాలుతో మళ్లీ తుడుచుకుంటాడు. నిరుడు పెరుగు కొనడానికి వచ్చిన ఒకాయన ఆ తీగ చూసి, "ఏమయ్యా, బంకలా సాగుతోంది, పిండేమైనా కలుపుతున్నావా?" అన్నాడు. పాలు కాచి తోడు వేసేది ఇంటికి పెద్దదిక్కయిన వదిన ఒక్కతే. ఆవిణ్ణి పక్కకు పిలిచి అడిగితే సరిపోయేది. కొట్టాయన మాత్రం పదిమంది ఎదుట, ఆవిడ చూస్తుండగానే, గిన్నెలో పెరుగు తీసి అయోడిన్ చుక్క వేశాడు. పిండి ఉంటే నీలంగా మారాలి. వదిన చెమట తుడుచుకోవడం కూడా మరచి ఆ చుక్కకేసే చూసింది. అది మారలేదు. "తోడులోని సూక్ష్మజీవులే ఆ జిగురు తయారుచేస్తాయండీ. నీరు విడిపోకుండా పట్టి ఉంచేది అదే, కడుపుకీ మేలంటారు" అంది పెరుగు కోసం వచ్చిన కాలేజీ మేడం.

"అయిందా నాయనా నీ పరీక్ష? ఆ గిన్నె ఇటివ్వు, కడుగుతాను" అంది వదిన. మర్నాడు ఎప్పటిలాగే తోడు వేసింది. "తప్పయింది వదినా" అన్న ఒక్క మాట ఇప్పటికీ ఆయన గొంతు దాటలేదు. కళ్లెదుట ఉంటేనైనా నోరు పెగులుతుందని ఆ అయోడిన్ సీసాను అలమరాలోనే ఉంచాడు. రోజూ అలమరా తుడిచేటప్పుడు వదిన దానికీ దుమ్ము దులిపి, మళ్లీ అక్కడే పెడుతుంది.