ముక్కుగారి సుద్దరాత

రసాయనాల గోదాములో ఆయన్ని అసలు పేరుతో పిలిచినవాడు లేడు. అందరికీ ముక్కుగారే. చదివింది పదో తరగతి. అయినా వానకు లేబుల్ ఊడిపోయిన డ్రమ్ము కనిపిస్తే, పరీక్షకు పంపడం మానేసి ఆయన్ని కేకేసేవారు. ఆయన మూత తిప్పి వాసన చూసి, డ్రమ్ము మీద సుద్దతో పేరు రాసేవాడు. అదే గోదాములో చేరిన తమ్ముడికి పని నేర్పిందీ ఆయనే.

"వినైల్‌లో రెండు కార్బన్లు, అలైల్‌లో మూడు. రెండింట్లోనూ ద్విబంధం ఉంది. కంటికి రెండు సరుకులూ నీళ్ళలాగే ఉంటాయిరా, ముక్కే చెప్పాలి. వినైల్ ఎసిటేట్ తియ్యగా ఉంటుంది. అలైల్ ఆల్కహాల్ ఆవఘాటు."

పది నెలల కిందట ముక్కుగారికి జ్వరమొచ్చి తగ్గింది. వాసన మాత్రం తిరిగి రాలేదు. సబ్బూ కిరోసినూ ఒకటే అయిపోయాయి. ముక్కు పనిచెయ్యని ముక్కుగారిని ఎవరుంచుకుంటారు? ఇంట్లో కూడా నోరు మెదపలేదు.

ఒక పొద్దున లేబుల్ లేని డ్రమ్ము ఎదురైంది.

"పరీక్షకు పంపుదామా అండీ?" అంది కొత్తగా చేరిన కెమిస్టు.

"తాతకు దగ్గులు నేర్పకమ్మా" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. మూత కొంచెం తిప్పి, వెంటనే బిగించేశాడు. ఆ వరసలో ఎప్పుడూ ఉండేది వినైలే కదా అని వినైల్ ఎసిటేట్ అని రాశాడు. పరువు పోతుందన్న భయం మనిషిచేత ఎంత పనైనా చేయిస్తుంది.

అది అలైల్ ఆల్కహాల్. దానికి ముఖమంతా కప్పే మాస్కు కావాలి. సుద్దరాత నమ్మిన తమ్ముడు మామూలు కళ్ళద్దాలతోనే పంపు బిగించాడు. ఘాటు తెలిసేసరికే గొట్టం జారి ముఖాన చిమ్మింది.

మూడో రోజు ఆసుపత్రికి విచారణ అధికారి వచ్చాడు. తమ్ముడి రెండు కళ్ళకూ కట్లు. చూపు వస్తుందని డాక్టర్లెవరూ అనలేదు. మంచం పక్కన మరదలు, కాళ్ళ దగ్గర ముక్కుగారు.

"డ్రమ్ము మీద పేరు తప్పుగా రాశారా?" అని తమ్ముణ్ణి అడిగాడు అధికారి.

"లేదు సార్. మా అన్నయ్య వాసన చూశాడంటే తిరుగులేదు. నేనే ఒకదానికి బదులు ఇంకోటి తీసుంటాను."

అధికారి రాసుకోబోయాడు. ముక్కుగారు మంచం కమ్మీ పట్టుకున్నాడు.

"రాయకండి సార్. వాడి తప్పేం లేదు. నాకు పది నెలలుగా వాసనే తెలీడం లేదు."

మరదలు కొంగు నోట్లో కుక్కుకుంది. తమ్ముడు గొంతు వచ్చినవైపు తల తిప్పాడు.

"నాతో ఒక్కమాట అనకపోయావా అన్నయ్యా? నీ బదులు నేను వాసన చూసి చెప్పేవాణ్ణిగా."