ఆవు అరుపు కోసం ఆగిన గల్లీ

మా మేనమామ పోయాడన్న కబురు పోయిన మంగళవారం పొద్దున, నేను హుస్సేనీ ఆలంలో ఇళ్లకు పాలు పోస్తుండగా వచ్చింది. ఫోన్‌లో అత్తమ్మ ఏడవలేదు కూడా. "చాయ్ తాగుకుంట గోడకు ఒరిగిండు బిడ్డా. మల్ల లేవలే," అంది. పాల క్యాన్ పట్టుకుని ఎవరి మెట్ల మీదో కూర్చుండిపోయాను.

చూడ్డానికి వచ్చిన వాళ్లందరిదీ ఒకటే మాట, "మస్తు ధైర్యమున్న మనిషి" అని. హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరైన మనిషి గురించి అలాగే అంటారు మరి. నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. మామంత భయస్తుడు మా చుట్టాల్లో ఇంకొకడు లేడు. ఆయన భయపడబట్టే మేమింకా ఈ గల్లీలో తల ఎత్తుకుని పాలు అమ్ముకుంటున్నాం.

పాలవాళ్ల ఇంట్లో పుట్టాడు కాబట్టి, రోడ్డెక్కిన పశువుల పని స్టేషన్‌లో ఆయన నెత్తిన పడింది. మిగతా వాళ్లు లాఠీతో అదిలించి, బలవంతంగా బండెక్కించి బందెలదొడ్డికి తోలేవాళ్లు. మామ అలా కాదు. పురానాపూల్ మీద బర్రె అడ్డం నిలబడితే ముందు బండ్లను ఆపేవాడు, తర్వాత దాని వెనకాలే నడిచేవాడు. పాలు పిండే వేళకు అది దాని ఇంటికి అదే పోతుంది కదా! "మాది కాదు సార్" అని ఇంటాయన గుమ్మంలో బుకాయిస్తుంటే, బర్రె ఆయన్ను తోసుకుని లోపలికి పోయి కుడితి తాగేది. అప్పుడు మొదలయ్యేవి మామ తిట్లు.

డ్యూటీ దిగగానే మా కొట్టానికి వచ్చి, యూనిఫాం మీదే వంగి, పశువుల మెడలకు కట్టిన ప్రతి తలుగు తాడు ముడీ లాగి చూసేవాడు. అమ్మ విసుక్కునేది. "నీకేం పనిలేదారా తమ్మీ? గింత ఫికర్ ఏంది?"

"బర్రె తప్పిపోతె ఫికర్ లేదక్కా. ఆవు తప్పిపోతె నాకు అన్నం దిగదు."

ఆ మాట నాకు ఒక బక్రీద్ ముందు అర్థమైంది. మధ్యాహ్నం పూట మా ఎర్రావు తలుగు తెంపుకుని ఎటో పోయింది. మా అమ్మకు నోరు ఆగదు. గల్లీ మధ్యలో నిలబడి, "నా ఆవును ఎవలో కొట్టుకపోయిన్రు!" అని మొత్తుకుంది. పశువు కనబడకపోతే మా వాళ్ల నోట మొదట వచ్చే మాట అదే. చివరికి పక్కింటి దొడ్లోనే దొరికినా ముందు అదే అంటారు. కానీ బక్రీద్ ముందు రోజుల్లో, ఆవు పేరెత్తి ఆ మాట అనకూడదు. ఆమె ఇంకోసారి అనేలోపే మూలమీద బైకులు ఆగాయి. మాకు ముఖపరిచయమైనా లేని పోరగాళ్లు ఫోన్లు తీసి, "ఎవలు ఆంటీ? పేరు చెప్పు," అని చుట్టూ చేరారు. నేను అమ్మ కొంగు పట్టి వెనక్కి లాగాను.

మామకు ఎవరు చెప్పారో గాని పరుగున వచ్చాడు. "అక్కా, నీ కాళ్లు మొక్కుత. తప్పిపోయింది అను. కొట్టుకపోయిన్రు అని మల్ల అనకు." నా వైపు తిరిగి, "దూడ పాలు తాగిందా బిడ్డా?" అన్నాడు.

"ఇంకా లేదు మామా."

"మంచిగైంది. ఇప్పు దాన్ని."

ఆకలి మీదున్న దూడ అరుస్తుంది. పొదుగు నిండిన తల్లి చెవిన పడితే బదులు పలుకుతుంది. మామ నమ్ముకున్నది అంతే. పోరగాళ్లను పొమ్మంటే పోరు, ఇంకా రెచ్చిపోతారు. అందుకని, "మీరు గూడ రాండ్రి తమ్మీ. గని బండ్లు బంద్ చెయ్యుండ్రి, సప్పుడు చెయ్యకుండ్రి. ఆవు పలికితె ఇనబడాలె," అన్నాడు. వాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకుని, ఇంజన్లు ఆపేసి వెంట నడిచారు. దుకాణాల్లో పాటలు కూడా కట్టేశారు. నేను దూడను పట్టుకుని ముందు నడిచాను. అది అరిచినప్పుడల్లా అందరం ఆగి చెవులు రిక్కించేవాళ్లం. మామ కాలర్ చెమటకు తడిసిపోయింది. ఆవు పలకదేమోనని ఒక భయం, ఎవరింట్లోంచి పలుకుతుందోనని అంతకు మించిన భయం.

లాడ్ బజార్ వెనక ఒక సందులో పలికింది, మూసిన తలుపు వెనక నుంచి. లక్క గాజులు చేసే ఒక ముసలాయన ఇల్లది. మంది ఒక్కసారిగా కదిలారు. ఒకడు తలుపు తన్నబోయాడు. మామ అడ్డం పోయి, తలుపుకు నోరు ఆనించి మెల్లగా, "చచా, బచ్చా భూకా హై. జరా దర్వాజా ఖోలో," అన్నాడు. దూడకు ఆకలవుతోంది, కాస్త తలుపు తీయమన్నాడు తప్ప ఆవు ఊసే ఎత్తలేదు. లోపల గొళ్లెం దగ్గర ఎవరో ఊపిరి బిగబట్టి నిలబడ్డట్టు తెలుస్తూనే ఉంది. మామ మళ్లీ అదే మాట అన్నాడు. చివరికి గొళ్లెం కదిలింది.

వాకిట్లో మా ఎర్రావు. దాని ముందు నీళ్ల బకెట్, తుంచిన రొట్టె ముక్కలు. "ఆటోల నడుమ తిరుగుతుండె సాబ్, దెబ్బ తగుల్తదని కట్టేసిన. చెప్పెతందుకు ఎల్తుంటె ఈ మంది కనబడ్డరు, తలుపేసుకున్న," అన్నాడు ముసలాయన.

మామ రెండు తలుపులూ బార్లా తెరిచాడు. నేను దూడను వదిలాను. అది పోయి పొదుగును కుమ్ముతూ తాగుతుంటే, మామ మంది వైపు తిరిగి, "ఫోన్లు తీసిన్రు గద, గిది తియ్యుండ్రి," అన్నాడు. ఒక్కడూ తీయలేదు. దూడ కడుపు నిండేదాకా ఆయన గుమ్మంలోంచి జరగలేదు. బైకుల వాళ్లు ఒకరొకరుగా వెళ్లిపోయారు.

ఇప్పుడు కొట్టం నాది, అమ్మ కూడా లేదు. మళ్లీ బక్రీద్ వస్తోంది. పిలిస్తే వచ్చే మామ లేడు. నాకు భయంగా ఉంది, దాచుకోవడం ఎందుకు?

ఆ రోజు సందు ఖాళీ అయ్యాక మామ ఆ గడప మీదే కూలబడ్డాడు. ముసలాయన గ్లాసుతో నీళ్లు తెచ్చి పక్కన కూర్చున్నాడు. మామకు గ్లాసు చేతిలో నిలవడం లేదు. ముసలాయన లక్క అంటిన వేళ్లతో తనూ పట్టుకున్నాడు. అయినా నీళ్లు తొణికి ఆ ఖాకీ ప్యాంటు మీదా, ఈ లుంగీ మీదా పడుతూనే ఉన్నాయి. వణుకుతున్నది ఎవరి చెయ్యో నాకు తెలియలేదు.