మునిగేముందు ఇచ్చిన మాట

“అవ్వా, గాలం ఇడిచిపెట్టు! పడవ ఒరుగుతున్నది!”

“ఇడిచిపెట్టుడేందే? గాలానికి పడ్డ చాపను ఎవరన్న ఇడుస్తరా?”

పోయిన ఎండాకాలం చేవెళ్ల నుంచి సముద్రం చూడబోయి, నేనూ మనవరాలూ కయాక్ అనే సన్న పడవలో ఇలా పోట్లాడుకున్నాం. అంతలోనే పడవ బోల్తా పడింది. ఒడ్డేమో చాలా దూరం. మా చెరువులో అయితే ఒడ్డు దాటితే నిలువు లోతే. ఇక పోయాననుకుని, పడవను కరచుకుని ఏడ్చాను.

“నీకు ఈతొస్తది, నువ్వు పో బిడ్డా! నా బంగారు గాజులు నీకే. మీ మేనత్తకు చెప్పకు!”

“సరే గని, జర లేసి నిలబడవే అవ్వా!” అంది మనవరాలు నవ్వుతూ.

లేచి నిలబడితే నీళ్లు మోకాళ్ల దాకే ఉన్నాయి. చేప ఎప్పుడో పోయింది.

బతికినందుకు సంతోషించాలో, గాజులకు ఏడవాలో తెలియలేదు. అయినా భయంతో ఇచ్చిన మాట కూడా మాటే.

మరునాడు పొద్దున్నే సబ్బు నురగ రాసి గాజులు తీసి, దాని చేతికి తొడిగాను.